క్లార్క్స్‌డేల్ కుర్రవాడి 'నేను'

కొన్నేళ్ల కిందట ఒక సాహిత్య పాఠశాలలో జానపద కళారూపాల గురించి మాట్లాడుతున్నాను. మధ్యలో రాక్ సంగీతం ప్రస్తావన వస్తే, "అది కడుపు నిండిన దేశాల కుర్రకారు పెట్టే కేక" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. సభలో నవ్వులూ చప్పట్లూ వచ్చాయి. వెనక బల్ల మీద కూర్చున్న ఎమ్మే విద్యార్థి ఒకడు మాత్రం నవ్వలేదు. సభ అయిపోయాక టీ దగ్గర నన్ను పట్టుకుని, "సార్, ఆ కేక వాళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారంటారు?" అని అడిగాడు. నాకు తెలిసిన నాలుగు పేర్లు చెప్పి తప్పించుకున్నాను. అతను నోటుపుస్తకంలోంచి కాగితం చింపి ఒక పేరు రాసిచ్చి వెళ్లాడు. ఆ పేరు క్రిస్టోన్ ఇంగ్రమ్. లోకం అతన్ని కింగ్‌ఫిష్ అంటుంది.

ఆ కాగితం చాలాకాలం ఒక పుస్తకంలో గుర్తుగా పడి ఉంది. తీరా విన్న తర్వాత, నేను సభలో అన్నమాట తప్పని ఒప్పుకోక తప్పడం లేదు. సగం తప్పు కూడా కాదు, పూర్తిగా తప్పు. సంగీతశాస్త్రం నాకు రాదు. శ్రుతిలయల మంచిచెడ్డలు చెప్పే అర్హత లేదు. సాహిత్య విమర్శకుడికి చేతనయ్యేదల్లా పాటలోని మాటనూ, ఆ మాట ఆడుతున్న మనిషినీ పట్టుకోవడం. ఈ వ్యాసంలో ఆ ప్రయత్నమే చేస్తాను.

ఇంగ్రమ్ 1999 జనవరిలో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, క్లార్క్స్‌డేల్ అనే ఊళ్లో పుట్టాడు. దాదాపు 15 వేల జనాభా ఉన్న చిన్న పట్టణం. ఐదుగురిలో నలుగురు నల్లవాళ్లు. మిసిసిపీ, యాజూ నదుల మధ్య ఉన్న ఆ ఒండ్రునేలను డెల్టా అంటారు. మన గోదావరి డెల్టాలాగా అది సముద్రపుటొడ్డున లేదు, అక్కడి పంట వరీ కాదు. పత్తి. ఈ కుర్రవాడు చర్చి పాటలు వింటూ పెరిగాడు. మడ్డీ వాటర్స్ మీద తీసిన డాక్యుమెంటరీ ఒకటి తండ్రి చూపిస్తే దానికి అతుక్కుపోయాడు. ఊళ్లోని డెల్టా బ్లూస్ మ్యూజియం పిల్లల కోసం నడిపే సంగీత తరగతుల్లో చేరి డ్రమ్సూ, బేస్ గిటారూ, ఆ తర్వాత అసలు గిటారూ పట్టాడు. కింగ్‌ఫిష్ అనే పేరు పెట్టింది అక్కడి గురువు బిల్ పెరీ. మన దగ్గర ఆ పేరు వింటే బీరు సీసా గుర్తొస్తుంది గానీ, దాని కథ వేరు. 1928లో మొదలై దశాబ్దాల పాటు అమెరికాను నవ్వించిన 'ఏమోస్ అండ్ ఆండీ' అనే రేడియో నాటకంలో అదొక పాత్ర పేరు. ఇద్దరు తెల్ల నటులు నల్లవాళ్ల యాసను అనుకరిస్తూ ఆ నాటకం నడిపారు. తెల్లవాళ్లు తమను నవ్వులపాలు చేసిన చోటి నుంచి ఒక పేరు తీసుకొచ్చి, ఒక నల్ల గురువు తన శిష్యుడికి ముద్దుపేరుగా పెట్టుకున్నాడు. మన పల్లెల్లో కూడా పెద్దకులాల వాళ్లు ఈసడింపుగా పిలిచిన పేర్లను తర్వాతి తరం తలెత్తి చెప్పుకోవడం మనకు తెలుసు.

2014లో, పదిహేనేళ్ల వయసులో, మ్యూజియం పిల్లల జట్టుతో వెళ్లి వైట్‌హౌస్‌లో వాయించాడు. 2019 మేలో మొదటి ఆల్బం 'కింగ్‌ఫిష్' వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో తల్లి చనిపోయింది. 2021లో రెండో ఆల్బం '662' వచ్చింది, 2022లో దానికి గ్రామీ బహుమతి వచ్చింది. బహుమతుల లెక్క ఇంతటితో ఆపుతాను. ఒక్క విడ్డూరం మాత్రం చెప్పాలి. మొదటి ఆల్బాన్ని గ్రామీవారు 'సంప్రదాయ బ్లూస్' విభాగంలో పరిశీలించారు. రెండోదాన్ని 'సమకాలీన బ్లూస్' విభాగంలో పెట్టి బహుమతి ఇచ్చారు. రెండేళ్లలో ఆ కుర్రవాడు సంప్రదాయంలోంచి సమకాలానికి నడిచి వచ్చాడా, లేక అతన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో వాళ్లకు తెలియలేదా? నేను రెండోదే నిజమనుకుంటాను. ఆ తెలియకపోవడంలోనే అతని కథంతా ఉంది.

ఊరి సంగతి చెప్పకుండా ఈ పాటల్లోకి పోలేం. బానిసత్వం 1865లో రద్దయింది. భూమి మాత్రం చేతులు మారలేదు. విడుదలైన నల్లవాళ్లు అదే దొర భూమిలో పాలుకు సేద్యం చేశారు. విత్తనం, కాడి, తిండిగింజలు దొర ఖాతాలో అప్పు. పంట వచ్చాక లెక్క దొరది, పుస్తకం దొరది, ఏడాది చివర బాకీ మాత్రం వీళ్లది. నాగు వడ్డీలు తెలిసిన మనకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. క్లార్క్స్‌డేల్ పక్కనే ఉన్న స్టోవాల్ ఎస్టేటులో అలా పనిచేసిన మడ్డీ వాటర్స్ పాటను 1941లో ఆలన్ లోమాక్స్, జాన్ వర్క్ అనే పరిశోధకులు వచ్చి రికార్డు చేశారు. 1943లో అతను రైలెక్కి చికాగో వెళ్లిపోయాడు. మరుసటేడు, 1944లో, అదే ఊరి పక్కనున్న హాప్సన్ ఎస్టేటులో పత్తి తీసే యంత్రాన్ని బహిరంగంగా నడిపి చూపించారు. ఆ యంత్రం వచ్చాక డెల్టాకు అంతమంది చేతులు అక్కర్లేకపోయింది. జనం లక్షల్లో ఉత్తరాదికి వెళ్లారు. పల్లెలో ఒంటి గిటారు మీద పాడిన పాట చికాగో సారా దుకాణాల రొదలో వినపడలేదు. కాబట్టి దానికి కరెంటు తగిలించారు. రాక్ సంగీతానికి ముడిసరుకు ఆ కరెంటు గిటారే. నేను సభలో 'కడుపు నిండిన దేశాల కేక' అన్నది నిజానికి పొలంలోంచి తోసివేయబడిన కూలీ, నగరం రొదలో తన గొంతు వినబడడానికి పెట్టిన కేక.

ఆ తర్వాత జరిగిన దోపిడీ గురించి చాలామంది రాశారు, నేను క్లుప్తంగా చెబుతాను. మిసిసిపీ కూలీ ఆర్థర్ క్రుడప్ కట్టిన పాటతో 1954లో ఎల్విస్ ప్రెస్లీ జీవితం మొదలైంది. క్రుడప్ తనకు రావలసిన డబ్బు చేతికందకుండానే 1974లో చనిపోయాడు. రాబర్ట్ జాన్సన్ 1936, 37 సంవత్సరాల్లో 29 పాటలు రికార్డు చేసి 1938లో ఇరవయ్యేడేళ్ల వయసులో పోయాడు. ముప్ఫయ్యేళ్ల తర్వాత 1968లో అతని పాటను విద్యుత్తు గిటార్లతో హోరెత్తించి క్రీమ్ అనే ఇంగ్లీషు బృందం పేరు గడించింది. విల్లీ డిక్సన్ తన పాటకు రావలసిన గుర్తింపు కోసం 1985లో లెడ్ జెప్పెలిన్ మీద దావా వేయవలసి వచ్చింది. 1987లో రాజీ కుదిరింది. అన్నిటికన్నా చేదైనది 1976లో బర్మింగ్‌హామ్‌లో జరిగింది. నల్లవాళ్ల సంగీతం మీద బతికిన ఎరిక్ క్లాప్టన్ కచేరీ వేదిక మీద నిలబడి, వలస వచ్చిన నల్లవాళ్లను ఇంగ్లండు నుంచి పంపేయాలనే రాజకీయాన్ని సమర్థించాడు. దానికి ప్రతిక్రియగానే 'రాక్ అగెయిన్‌స్ట్ రేసిజం' ఉద్యమం పుట్టింది. ఆ మాటలకు సిగ్గుపడుతున్నానని క్లాప్టన్ చాలా ఏళ్ల తర్వాత, 2018లో, చెప్పుకున్నాడు. న్యాయంగా మరో పక్క కూడా చెప్పాలి. 1965లో అమెరికన్ టెలివిజన్‌వాళ్లు పిలిస్తే, తమతోపాటు హౌలిన్ వుల్ఫ్‌ను కూడా పాడించాలని రోలింగ్ స్టోన్స్ పట్టుబట్టారు. సొంత దేశం చూడనొల్లని మనిషిని పరాయి దేశపు కుర్రాళ్లు టీవీ తెర మీదికి తెచ్చారు.

ఇప్పుడు మళ్లీ మన కుర్రవాడి దగ్గరికి వద్దాం. అతను వాయించేది జూక్ జాయింట్లలోని పాత బ్లూస్ మాత్రమే కాదు. జిమీ హెండ్రిక్స్, ప్రిన్స్‌ల ప్రభావం అతని గిటారులో స్పష్టంగా వినిపిస్తుంది. రాక్ నేర్చిన ఆడంబరం, సుదీర్ఘమైన గిటారు విన్యాసం, పెద్ద మైదానాలకు సరిపోయే హోరు అన్నీ ఉన్నాయి. కాబట్టి శుద్ధవాదులు కొందరు, ఇది కల్తీ బ్లూస్ అంటారు. ఆ మాట అనే అర్హత వాళ్లకెక్కడిది? మడ్డీ వాటర్స్ గిటారుకు కరెంటు పెట్టినప్పుడూ శుద్ధవాదులు ఇదే అన్నారు. ఊరి నుంచి ఎత్తుకుపోయిన సరుకు లండన్ చుట్టి, కోట్ల డాలర్లు సంపాదించి పెట్టి, ఇంతకాలానికి అదే ఊరి కుర్రవాడి చేతికి వచ్చింది. తనదాన్ని తాను తీసుకుంటుంటే దాని మీద పడిన మెరుగులు వదిలేసి పుచ్చుకోమని ఎవరు చెప్పగలరు?

అయితే చేతికి వచ్చిన రూపంతో అతనేం చెబుతున్నాడన్నదే నా ప్రశ్న.

అమీరీ బరాకా, అప్పటికి లీరోయ్ జోన్స్, 1963లో 'బ్లూస్ పీపుల్' అనే పుస్తకం రాశాడు. సాహిత్య విద్యార్థులు సంపాదించి చదవదగిన పుస్తకం. బానిసత్వం నాటి పొలంపాటలు గుంపు పాటలు. ఒకడు ఎత్తుకుంటే పదిమంది అందుకునేవి. బ్లూస్ వచ్చేసరికి ఒక మనిషి ఒంటరిగా నిలబడి తన సంగతి తాను చెప్పుకుంటాడు. నిన్నటిదాకా ఆస్తిపట్టికలో ఎడ్ల పక్కన రాసిన మనిషికి 'నేను' అనే మాట కొత్తగా దొరికింది. నచ్చిన ఊరికి పోవడం, నచ్చినవాళ్లతో కాపురం చేయడం, వాళ్లు వదిలేస్తే ఏడవడం కూడా కొత్త హక్కులే. బెస్సీ స్మిత్, మా రేనీల ప్రేమపాటల్లో ఈ సంగతిని ఏంజెలా డేవిస్ 1998లో రాసిన పుస్తకంలో వివరంగా చూపించింది. ఇది మనం జాగ్రత్తగా ఆలోచించవలసిన విషయం. మన విమర్శలో 'నేను' అంటే వెంటనే అనుమానం పుడుతుంది. కృష్ణశాస్త్రి 'నేను'ను మనం పక్కన పెట్టాం. శ్రీశ్రీ 'జయభేరి'లోని 'నేను' జగత్తును భుజాన వేసుకుంది కాబట్టి సరే అన్నాం. ఈ రెంటికీ చెందని మూడో 'నేను' ఉంది. అది ఇన్నాళ్లూ లెక్కలోకి రాని మనిషి తన పేరు తాను చెప్పుకునే 'నేను'. మన దళిత కవిత్వం, స్త్రీవాద కవిత్వం వచ్చాకనే దాన్ని పోల్చుకోవడం మనకు తెలిసింది.

ఈ కొలతతో కింగ్‌ఫిష్ మొదటి ఆల్బం వింటే చిక్కు ఎదురవుతుంది. అందులో చాలా పాటల్లోని 'నేను' అతను కాడు. ఆడది మోసం చేసిందనీ, చేతిలో పైసా లేదనీ, జీవితం చూసి చూసి విసిగిపోయాననీ గొంతు చించుకునే ఆ మనిషికి యాభై అరవై ఏళ్లుంటాయి. పాడేవాడికి ఇరవై. ఎక్కువ పాటలు అతనూ, నిర్మాత టామ్ హాంబ్రిడ్జ్ కలిసి కట్టినవి. హాంబ్రిడ్జ్ నాష్‌విల్‌లో చెయ్యి తిరిగిన పనివాడు, పెద్దాయన బడీ గై ఆల్బాలు చేసినవాడు. పని శుభ్రంగా ఉంది. మొదటి చరణం దగ్గరే మూడో చరణం ఏమిటో తెలిసిపోయేంత శుభ్రంగా ఉంది. బడీ గైతో కలిసి పాడిన 'ఫ్రెష్ ఔట్' పాటే తీసుకోండి. 1936లో లూసియానాలో పాలుసేద్యం చేసే కుటుంబంలో పుట్టిన బడీ గై లేమి గురించి పాడితే, ఆ గొంతు వెనక ఆయన చూసిందంతా నిలబడుతుంది. పక్కన కుర్రవాడు అదే మాట అంతే బాగా పాడతాడు. కానీ అది తాతగారి కోటు తొడుక్కున్నట్టు ఉంటుంది. కోటు మంచిదే, భుజాల దగ్గర నిలవలేదు.

ఇది అతని ఒక్కడి లోపం కాదు. మన దగ్గర జానపద బాణీలో రాసే కుర్రకవుల్లో సగంమంది పాటల్లో నాగలి పట్టినవాడు మాట్లాడతాడు. రాసినవాడు మాత్రం పోటీపరీక్షల కోచింగులో ఉంటాడు. తన హాస్టలు గదీ, తన అప్పూ, తన భయమూ పాటకు పనికిరావని ఎవరో అతనికి చెప్పారు. ఎవరో ఏమిటి, మేమే చెప్పాం.

అదే ఆల్బంలో రెండు పాటలు వేరే మాట చెబుతాయి. మొదటిది 'ఔట్‌సైడ్ ఆఫ్ దిస్ టౌన్'. ఈ ఊరు తనకు సరిపోవడం లేదని, బయట ఏముందో చూడాలని ఆత్రపడే కుర్రవాడి పాట. బ్లూస్‌లో ఊరు విడిచిపోయే పాటలు కోకొల్లలు. పాతవాటిలో మనిషిని వెళ్లగొట్టేది దొర, పోలీసు, వరద. ఇక్కడ వెళ్లగొట్టేది ఊరి చిన్నతనం. ఇరవయ్యేళ్లవాడి తొందర మీద ఏ అరువు దుఃఖమూ పులమలేదు. రెండోది 'బీన్ హియర్ బిఫోర్'. దాదాపు ఒంటి గిటారు మీద పాడింది. ఈ కాలపు పిల్లవాడు ముసలివాళ్ల పాటల వెంట పడ్డాడేమిటని లోకం చూస్తుంటే, వీడు లోగడ ఒకసారి వచ్చి వెళ్లినవాడే అని నానమ్మ తరం మనిషి తీర్పు చెప్పడం అందులో సంగతి. అంటే ఏమిటి? తనకు పట్టని కోటు గురించి తానే పాట కట్టాడన్నమాట. తోటివాళ్లంతా ర్యాప్ వింటుండగా పాత సంగీతంతో ఒంటరిగా మిగిలిన పిల్లవాడి ఇబ్బంది అది. ఆ ఇబ్బంది అతనిదే, ఇంకెవరిదీ కాదు. అందుకే ఆ పాటలో గొంతు పెంచవలసిన అవసరం రాలేదు.

రెండో ఆల్బం పేరు '662'. ఉత్తర మిసిసిపీ టెలిఫోను కోడు అది. పేరులోనే ఊరుంది. పేరు పాటలో గర్వం ఉంది, హుషారుంది. కానీ గర్వంగా ఊరి పేరు చెప్పడం వేరు, ఊళ్లో ఒక మనిషిని చూపించడం వేరు. 'సంథింగ్ ఇన్ ద డర్ట్' ఇంతకన్నా మెరుగు. తాను పాట నేర్చుకుంటూ పెరిగిన నేల గురించి కాళ్లు నేలమీదే ఆనించి చెబుతాడు. 'టూ యంగ్ టు రిమెంబర్' పేరులోనే ఒక నిజాయితీ ఉంది: నేనా రోజులు చూడలేదు అని ఒప్పుకోవడం. మొదటి ఆల్బంలో చూడనివాటిని చూసినట్టు పాడినవాడు రెండేళ్లకు, చూడలేదు గాని విన్నాను అంటున్నాడు. కథకుడు తాను నిలబడ్డ చోటు చెప్పడం మొదలుపెట్టాడు. ఒక కవి ఎదుగుదలలో ఇంతకన్నా స్పష్టమైన మెట్టు చూపించడం కష్టం.

ఇక 'అనదర్ లైఫ్ గోస్ బై'. 2020 మేలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు ఆనించి ప్రాణం తీశాడు. మరుసటేడు ఈ పాట వచ్చింది. ద్వేషానికి బలవుతున్న ప్రాణాల గురించి నిదానమైన నడకలో సాగే పాట. మొదటిసారి విన్నప్పుడు నాకు అసంతృప్తి కలిగింది. పేరు పెట్టి ఎవర్నీ నిలదీయదేం? ఇదే డెల్టాలో 1955లో పద్నాలుగేళ్ల ఎమెట్ టిల్‌ను చంపినవాళ్లను తెల్లవాళ్ల జ్యూరీ నిర్దోషులని వదిలేసింది. అలాంటి నేల మీది కుర్రవాడు ఇంత మెత్తగా మాట్లాడతాడా? ఈ మాటే నా దగ్గరికి ఆ పేరు రాసిచ్చిన కుర్రవాడితో అన్నాను. (ఇప్పుడతను ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. పాటలు కూడా కడుతున్నాడు.) "సార్, ఎవర్ని తిట్టలేదో మీరు చూస్తున్నారు. ఎవరు వింటున్నారో చూడండి" అన్నాడు.

నిజమే. అతని కచేరీల వీడియోలు చూస్తే ముందు వరసల్లో ఎక్కువగా కనిపించేవాళ్లు నెరిసిన తలల తెల్లవాళ్లు. బ్లూస్‌కు ఇవాళ టిక్కెట్టు కొనేది వాళ్లే. అతని మొదటి మూడు ఆల్బాలు వేసిన అలిగేటర్ రికార్డ్స్ 1971లో చికాగోలో బ్రూస్ ఇగ్లాయర్ అనే తెల్లవాడు పెట్టింది. నిజాయితీగా బ్లూస్ కోసం పనిచేసిన కంపెనీయే. ఐనా ఆ మార్కెట్టు ఒక నల్ల కుర్రవాణ్ణి ఏం అడుగుతుంది? నీ తాతల దుఃఖం పాడు, అది మాకిష్టం. నీ దుఃఖం పాడితే మాకు కాస్త ఇరుకు. ఈ ఒత్తిడిలో ఆ పాటను ఆల్బంలో పెట్టడం ఒక అడుగు. ఇంకో సంగతి కూడా మరిచిపోకూడదు. జిమ్ క్రో చట్టాల కాలంలో బ్లూస్ పాట దొరను తిట్టవలసి వస్తే పెళ్లాన్ని తిట్టేది. విన్నవాళ్లకు అర్థమయ్యేది. దాచి చెప్పడం ఆ రూపానికి పుట్టుకతో వచ్చిన విద్య. ఇవన్నీ ఒప్పుకుంటూనే, నా అసంతృప్తి పూర్తిగా పోలేదని కూడా చెబుతాను. దాచి చెప్పడంలో ఒక పదును ఉండాలి. ఇందులో దాపరికం ఉంది, పదును తక్కువ.

గిటారు సంగతి ఎత్తకుండా ఇంతదూరం వచ్చాను. అతని అభిమానులకు ఇది కోపం తెప్పిస్తుంది. అతని గిటారే గదా లోకాన్ని కట్టేసింది! కానీ దాన్ని నేను మాటతో కలిపి చూస్తాను. బ్లూస్ పాట కట్టుబడి సులువు. పన్నెండు ఆవర్తాలు, మూడు పాదాలు. మొదటి పాదమే రెండోసారి వస్తుంది, మూడోది దానికి జవాబు. ప్రతి పాదం చివరా కొంత ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో గిటారు మాట్లాడుతుంది. తీగను వేలితో పక్కకు లాగి స్వరాన్ని గమకంలా సాగదీస్తే అది గొంతుకు దగ్గరౌతుంది. మన బుర్రకథ తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. కథకుడు ఒక మాట అంటాడు, వంత అందుకుంటుంది, ఆశ్చర్యపోతుంది, ఎదురుప్రశ్న వేస్తుంది. బ్లూస్‌లో గిటారు వంత. రాక్‌లో జరిగిందేమిటంటే వంతగాడు కథకుణ్ణి పక్కకు నెట్టి వేదిక మధ్యకు వచ్చాడు. కథ ఆగిపోయి వంత మిగిలింది.

2023లో వచ్చిన 'లైవ్ ఇన్ లండన్' వింటే కింగ్‌ఫిష్‌లో ఈ రెండూ పోట్లాడుకోవడం తెలుస్తుంది. కొన్నిచోట్ల విన్యాసం ఎంతసేపు సాగుతుందంటే, ఏ పాటలో ఉన్నామో మరిచిపోతాం. జనం ఈలలు వేస్తారు. ఆ చప్పట్లకు మోసపోవడం ఎంత సులభమో నాకు తెలుసు, వ్యాసం మొదట్లోనే చెప్పుకున్నాను. మరికొన్నిచోట్ల మాట ఆగిన చోటే గిటారు మొదలై, ఆ మాట చెప్పలేక వదిలేసింది చెప్పి ఊరుకుంటుంది. '662' చివర్లో అదనంగా చేర్చిన 'రాక్ అండ్ రోల్' అనే పాట అలాంటిది. తల్లి పోయాక ఆమెను తలుచుకుని పాడినది. తన కోసం ఆమె వదులుకున్నదీ, తాను ఎంచుకున్న దారీ అందులో పక్కపక్కన ఉన్నాయి. క్లార్క్స్‌డేల్‌లో 61, 49 నంబరు రోడ్లు కలిసే కూడలి దగ్గర రాబర్ట్ జాన్సన్ సైతానుకు ఆత్మను అమ్మి గిటారు విద్య సంపాదించాడని ఒక కట్టుకథ ఉంది. ఆ కూడలిలో ఇప్పుడు గిటార్ల బొమ్మలు నిలబెట్టారు, యాత్రికులు ఫొటోలు దిగుతారు. ఈ పాట విన్నాక ఆ కథ నాకు మరోలా కనిపించింది. కొడుకు విద్యకు వెల కట్టింది సైతాను కాదు, ఒక తల్లి. ఈ పాటలో 'నేను' ఎవరో ఎవరూ అడగనక్కరలేదు.

2025లో అతను అలిగేటర్‌ను విడిచి 'రెడ్ జీరో' అనే సొంత లేబుల్ మీద 'హార్డ్ రోడ్' అనే ఆల్బం తెచ్చాడు. సొంత లేబుల్ అంటే పాట మీద హక్కు తనదే అన్నమాట. క్రుడప్‌నూ, డిక్సన్‌నూ తలుచుకుంటే ఇది చిన్న విషయం కాదు. పాటలు సోల్ సంగీతం వైపు మొగ్గాయి. ప్రేమ పాటల పాలు బాగానే ఉంది. ప్రేమ పాటలంటే నాకు అభ్యంతరం లేదని పైన చెప్పాను. కానీ అంతా తనదే అయిన చోట కూడా, అతని ఊరు నేననుకున్నంత దగ్గరగా రాలేదు.

ఆ ఊళ్లో పాటకు వస్తువు కరువైతే గదా! అదే 2025లో క్లార్క్స్‌డేల్‌ను, 1932 నాటి బ్లూస్‌ను కథావస్తువుగా తీసుకుని రైయన్ కూగ్లర్ తీసిన 'సిన్నర్స్' లోకమంతా ఆడింది. క్లార్క్స్‌డేల్‌లో మాత్రం ఆడలేదు, అక్కడ సినిమాహాలు లేదు. ఊరివాళ్లు బహిరంగంగా విన్నపం చేసుకుంటే, దర్శకుడు మే నెలాఖరులో వచ్చి ప్రత్యేకంగా వేసి చూపించాడు. పత్తి యంత్రాన్ని మొదట నడిపి చూపించిన ఆ హాప్సన్ ఎస్టేటులో ఇవాళ పాలుసేద్యగాళ్ల పాత చెక్క గుడిసెలను బాగుచేసి 'షాక్ అప్ ఇన్' అనే పేరుతో యాత్రికులకు అద్దెకిస్తున్నారు. తుప్పు రేకులు పైకి అలాగే ఉంచి లోపల ఏసీ పెట్టారు. డబ్బు కట్టి ఒక రాత్రి బీదవాడి గుడిసెలో పడుకుని, పొద్దున్నే మ్యూజియం చూసి, సాయంత్రం బ్లూస్ విని వెళ్లిపోవచ్చు. ఆ యాత్రికుడూ, అతని పక్క దుప్పటి మార్చే మనిషీ, ఆమె ఇంట్లో ర్యాప్ వింటూ కూర్చున్న కొడుకూ, వీళ్లందర్నీ ఎరిగి, మూడు పాదాల్లో పెట్టి పాడగల స్థానంలో ఇవాళ ఉన్నవాడు కింగ్‌ఫిష్. ఆ పాట అతనింకా కట్టలేదు.